కాల్చి రాసే చిప్పు

"మనం నొక్కింది ఒకరికి, పడింది ఇంకొకరికి కాదని గ్యారంటీ ఏంటండీ?" ఎన్నికలు వచ్చినప్పుడల్లా, పోలింగ్ ముగిసిన సాయంత్రం నుంచి లెక్కింపు రోజు దాకా, గంపలగూడెంలోనైనా గాజువాకలోనైనా వినపడే ప్రశ్న ఇది. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకూ లోక్‌సభకూ ఒకేరోజు పోలింగ్ జరిగింది. గంపలగూడెం మండలంలోని ఓటరు ఆరోజు రెండు మిషన్ల మీద రెండు బటన్లు నొక్కాడు. ఒకటి తిరువూరు అసెంబ్లీ స్థానానికి, రెండోది విజయవాడ లోక్‌సభ స్థానానికి. లెక్కింపు జూన్ 4న. మధ్యలో మూడు వారాలు మిషన్లన్నీ సీళ్లు వేసిన గదుల్లో ఉన్నాయి. ఆ మూడు వారాల్లో ఎవరైనా లోపలి ప్రోగ్రాం మార్చేస్తే? అసలు పోలింగ్‌కు ముందే మార్చి పంపిస్తే?

ఇలా అడిగేవాళ్లను అమాయకులని కొట్టిపారేయలేం. వాళ్ల జేబులో ఉన్న సెల్‌ఫోన్ ప్రోగ్రాం నెలకోసారి దానంతటదే మారిపోతోంది. రాత్రి ఛార్జింగ్‌కు పెట్టి పడుకుంటే తెల్లారేసరికి కొత్త అప్‌డేట్ వచ్చి కూర్చుంటుంది. టీవీ పెట్టెదీ, కారుదీ, బ్యాంకు యాప్‌దీ అదే తీరు. ఇన్ని మారుతుండగా ఓటింగ్ మిషన్ ఒక్కటే మారదంటే నమ్మడం కష్టమే మరి.

ఎన్నికల సంఘం దీనికి చెప్పే జవాబు క్లుప్తంగా ఉంటుంది. మిషన్‌లో వాడిన చిప్పు ఒక్కసారి మాత్రమే రాయడానికి వీలున్నది, ఇంగ్లిష్‌లో వన్ టైమ్ ప్రోగ్రామబుల్. ఇంజనీర్లు పొట్టిగా ఓటీపీ అంటారు. బ్యాంకువాళ్లు ఫోన్‌కు పంపే ఓటీపీతో దీనికి చుట్టరికం లేదు. మనం దీన్ని ఒక్కసారి రాత చిప్పు అందాం. దీనిమీద ఒకసారి రాశాక చెరపడం కుదరదు, కొత్తగా రాయడం కుదరదు, కరెంటు తీసేసినా రాత పోదు. ఇంతవరకూ వినడానికి బాగానే ఉంది. కానీ సిలికాన్ ముక్క మీద చెరపలేని రాత ఎలా సాధ్యం? ఆ రాత ఏ ప్రశ్నకు జవాబు చెబుతుంది, ఏ ప్రశ్న దగ్గర ఆగిపోతుంది? టీవీ చర్చల్లో ఈ రెండో ముక్క దాకా వెళ్లినవాళ్లు తక్కువ.

ఫ్యూజు పోగొట్టి రాయడం

ఇంట్లో మీటరు పక్కన ఉండే ఫ్యూజు సంగతి అందరికీ తెలుసు. పింగాణీ గుల్లలో సన్నని తీగ. మోటారు స్టార్టయినప్పుడో, రెండు తీగలు కలిసినప్పుడో కరెంటు హద్దు మీరి వస్తే ఆ తీగ వేడెక్కి కరిగి తెగిపోతుంది. తెగిన తీగ దానంతటది అతుక్కోదు. మనిషి పోయి కొత్త తీగ చుట్టాలి.

ఇప్పుడు అలాంటి ఫ్యూజులు ఎనిమిదింటిని ఒక చెక్క మీద వరసగా బిగించారనుకోండి. కుడి చివర ఉన్నదాని విలువ 1, దాని పక్కది 2, ఆపైన 4, 8, 16, 32, 64, 128. తీగ బాగున్న ఫ్యూజు విలువను లెక్కలోకి తీసుకుంటాం, తెగినదాన్ని వదిలేస్తాం. మొదట్లో ఎనిమిదీ బాగున్నాయి. ఈ వరస మీద 5 అనే అంకె రాయాలి. 5 అంటే 4, 1 కలిస్తే వచ్చేది. కాబట్టి ఆ రెండు ఫ్యూజుల జోలికి పోకుండా మిగతా ఆరింటినీ కావాలనే ఎక్కువ కరెంటు పంపి తెంపేయాలి. పని అయిపోయింది. ఇక ఎప్పుడు తక్కువ కరెంటు పంపి చూసినా రెండు చోట్ల కరెంటు పారుతుంది, ఆరు చోట్ల పారదు. అంటే 5. సరఫరా తీసేసి పదేళ్ల తర్వాత చూసినా 5.

చిప్పులో ఉన్నదీ ఇదే. కాకపోతే ఆ తీగలు కంటికి కనిపించవు. తొలినాళ్లలో నికెల్, క్రోమియం కలిసిన పలుచటి లోహపు పొరను వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నగా గీసి పెట్టేవాళ్లు. అలాంటివి ఒక్కో చిప్పులో వేలల్లో, లక్షల్లో ఉంటాయి. ప్రోగ్రామర్ అనే పరికరంలో చిప్పును గుచ్చితే, ఏ ఫ్యూజు ఉండాలో ఏది పోవాలో ఆ పరికరం చూసుకుని ఒక్కోదానికీ క్షణంలో చిన్న భాగం పాటు ఎక్కువ కరెంటు కొడుతుంది. అందుకే ఈ పనిని ఇంజనీర్లు ఇప్పటికీ బర్నింగ్ అంటారు. సీడీ మీద పాటలు ఎక్కించడాన్ని ఒకప్పుడు మనవాళ్లు "బర్న్ చేయడం" అన్నారు, అదే మాట. ఇక్కడ మాత్రం నిజంగానే కాలుతుంది.

ఈ ఆలోచన పుట్టింది యుద్ధం పనిమీద. 1956లో అమెరికాలో న్యూయార్క్ దగ్గరున్న గార్డెన్ సిటీలో, అమెరికన్ బాష్ ఆర్మా అనే కంపెనీలో వెన్ సింగ్ చౌ అనే ఇంజనీరు పనిచేస్తున్నాడు. చైనాలో పుట్టి అమెరికా వెళ్లినవాడు. అట్లాస్ ఖండాంతర క్షిపణిలో ఉండే కంప్యూటర్‌కు లక్ష్యం తాలూకు అంకెలు గుర్తుండాలి. ఆ అంకెలు ప్రయోగపు కుదుపులకు చెదరకూడదు. కానీ అవసరమైతే వేరే అంకెలతో ఇంకో పలక తయారు చేసి పెట్టుకునేలా ఉండాలి. చౌ డయోడ్ల వరసను తీసుకుని, అక్కర్లేని చోట్ల ఎక్కువ కరెంటు పంపి లోపలి సన్నని తీగల్ని కాల్చేశాడు. అమెరికా వైమానిక దళం ఈ సంగతిని కొన్నేళ్లు రహస్యంగా ఉంచింది. తర్వాత అది క్షిపణుల నుంచి కార్ఖానాలకూ, అక్కడి నుంచి ఆటబొమ్మల దాకా దిగింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చెరపలేని రాత అని అందరూ ఒకే మాటగా అంటారు గానీ అది సగం నిజమే. మన ఎనిమిది ఫ్యూజుల వరసను మళ్లీ చూడండి. 5 రాశాక రెండు ఫ్యూజులు ఇంకా బాగానే ఉన్నాయి. ఎవరైనా వచ్చి 1 విలువ ఉన్నదాన్ని కూడా తెంపేస్తే వరస 4 అయిపోతుంది. 4 విలువదాన్ని తెంపితే 1 అవుతుంది. రెండూ తెంపితే సున్నా. 7 మాత్రం ఎన్నటికీ కాదు, ఎందుకంటే 2 విలువ ఉన్న తీగ ముందే తెగిపోయింది. అంటే ఈ రాతను మార్చవచ్చు, కాకపోతే ఒక దిక్కుగానే. తెంపగలం, అతకలేం.

చిప్పు రూపొందించేవాళ్లకు ఇది మొదటినుంచీ తెలుసు. అందుకే కట్టుదిట్టాలు పెట్టారు. ఒక పద్ధతిలో 5 పక్కనే దాని తిరగేసిన రూపాన్ని కూడా రాస్తారు. మొదటి వరసలో తెగిన ఆరు చోట్లా రెండో వరసలో బాగుంటాయి, బాగున్న రెండు చోట్లా అక్కడ తెగి ఉంటాయి. ఎవరైనా మొదటి వరసలో ఇంకో ఫ్యూజు తెంపితే, దానికి జోడీ కుదరడానికి రెండో వరసలో తెగినదాన్ని అతకాలి. అది కుదరని పని. మిషన్ ఆన్ చేయగానే రెండు వరసలూ సరిచూసుకుని, తేడా వస్తే పనిచేయనంటుంది. ఇంకో పద్ధతి, రాయడం అయిపోయాక రాసే దారినే తెంపేయడం. దానికీ ఒక ఫ్యూజు ఉంటుంది. ఆ ఒక్కటి పోతే చిప్పుకు బయటి నుంచి రాసే మార్గం మూసుకుపోయినట్టే.

తెగినది అతుక్కోదు అన్నాను. తొలినాళ్ల నికెల్ క్రోమియం చిప్పుల్లో అదీ జరిగింది. తెగిన తీగ రెండు కొసల మధ్యా, ఏళ్ల తరబడి కరెంటు ఒత్తిడికి లోహం మెల్లగా జరిగి, ఎక్కడో ఒకచోట మళ్లీ అంటుకునేది. సరిగా తెగని చోట్లే ఈ బాధ. ఆ తర్వాత లోహం బదులు సిలికాన్‌నే ఫ్యూజుగా వాడటం, అసలు ఫ్యూజు పద్ధతినే తిరగేయడం మొదలయ్యాయి. తిరగేసిన దాని పేరు యాంటీఫ్యూజ్. దానిలో మొదట కరెంటు పారదు. మధ్యలో అతి పలుచని గాజులాంటి పొర అడ్డం ఉంటుంది. ఎక్కువ ఓల్టేజీతో ఆ పొరకు చిల్లు పొడిస్తే దారి తెరుచుకుంటుంది. ఈ చిల్లు ఎంత చిన్నదంటే చిప్పును కోసి సూక్ష్మదర్శినిలో చూసినా ఏది పొడిచిందో ఏది పొడవనిదో పట్టుకోవడం చాలా కష్టం. రహస్యాలు దాచేవాళ్లకు అందుకే ఇది నచ్చింది.

కిటికీ లేని చిప్పు

ఒక్కసారి రాత చిప్పులన్నిట్లోనూ ఏదో కాలుతుందనో పగులుతుందనో అనుకోకండి. కొన్నిటిలో ఏదీ కాలదు. వాటి కథ వింటే మనలో చాలామందికి కాస్త నమ్మకం సడలుతుంది, అయినా చెప్పక తప్పదు.

1971లో ఇంటెల్ కంపెనీలో డోవ్ ఫ్రోమన్ అనే ఇంజనీరు కొత్తరకం చిప్పు తయారు చేశాడు. దాని నంబరు 1702, దానిలో పట్టేది 256 అక్షరాలంత సమాచారం. దానిలో ప్రతి గదికీ చుట్టూ కరెంటు పారని పొర మధ్య చిన్న సిలికాన్ దీవిలాంటిది ఉంటుంది. ఎక్కువ ఓల్టేజీ కొడితే ఎలక్ట్రాన్లు ఆ పొర దాటి దీవిలోకి దూకుతాయి, మళ్లీ బయటికి రాలేవు. ఎలక్ట్రాన్లు ఇరుక్కున్న గది ఒక రకంగా, ఖాళీ గది ఇంకో రకంగా స్పందిస్తుంది. రాత అంటే అదే. చెరపాలంటే అతినీలలోహిత కాంతి పడాలి. ఆ కాంతి తగిలితే ఎలక్ట్రాన్లకు శక్తి వచ్చి బయటికి పారిపోతాయి. అందుకని ఆ చిప్పుల నెత్తిన క్వార్ట్జ్ గాజు కిటికీ పెట్టేవాళ్లు. దీపం కింద పావుగంట, ఇరవై నిమిషాలు పెడితే చిప్పు మళ్లీ ఖాళీ. పాత కంప్యూటర్లు, వీడియో గేములు విప్పి చూసినవాళ్లకు ఆ కిటికీ మీద అంటించిన చిన్న స్టిక్కరు గుర్తుండే ఉంటుంది. పగటి వెలుతురు తగలకుండా అది కాపు.

ఇబ్బందల్లా ఆ కిటికీ ఖర్చు. క్వార్ట్జ్, దాన్ని పట్టుకోవడానికి పింగాణీ గూడు, రెండూ కలిసి చిప్పు ధరను పెంచేవి. వేలకొద్దీ వస్తువులు తయారుచేసే కార్ఖానాకు చెరిపే అవసరమే లేదు. ఒకసారి రాసి బిగించేస్తే చాలు. కాబట్టి అదే సిలికాన్ ముక్కను కిటికీ లేకుండా నల్లటి చవక ప్లాస్టిక్‌లో పోతపోసి అమ్మారు. కాంతి పోయే దారి లేదు గనక చెరపడం కుదరదు. దీనికీ ఒక్కసారి రాత చిప్పు అనే పేరే వచ్చింది. లోపలి ముక్క మాత్రం చెరపగలిగేదే.

ఇంకో జాతి కూడా ఉంది. దీనిలో రాత కార్ఖానాలోనే పడిపోతుంది. చిప్పు మీద తీగల నమూనాను అచ్చు వేసేటప్పుడే ప్రోగ్రాంను కూడా ఆ అచ్చులో కలిపేస్తారు. మాస్క్ రోమ్ అంటారు. కొన్నవాడికి ఒక్కసారి రాసే అవకాశం కూడా లేదు. ప్రోగ్రాంను ముందుగా చిప్పు కంపెనీకి పంపాలి, వాళ్లు అచ్చుపోసి పంపుతారు. ఈ వివరం గుర్తుపెట్టుకోండి, దీనితో ముందు పని ఉంది.

ఫోన్లలో, పెన్‌డ్రైవుల్లో ఉండే ఫ్లాష్ మెమరీ కూడా ఫ్రోమన్ దీవి సంతానమే. దానికి కాంతి అక్కర్లేదు, కరెంటుతోనే చెరిపి మళ్లీ రాయవచ్చు. మన ఫోన్ తెల్లారేసరికి మారిపోయేది దీనివల్లే.

హైదరాబాద్ పెట్టె

ఇక మన ఓటింగ్ మిషన్ దగ్గరికి వద్దాం. 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా మొదలైంది. మనందరికీ ఈసీఐఎల్. అణుశక్తి శాఖ కింద దాన్ని నిలబెట్టినవాడు అయ్యగారి సాంబశివరావు. ఏఎస్ రావు నగర్ పేరు ఆయనదే. 1977లో అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ ఎస్.ఎల్. శక్ధర్ ఓటింగ్‌కు ఎలక్ట్రానిక్ మిషన్ వాడవచ్చన్నారు. తయారుచేసి చూడమని ఈసీఐఎల్‌కే అప్పగించారు. 1979లో నమూనా సిద్ధమైంది. 1980 ఆగస్టు 6న ఎన్నికల సంఘం దాన్ని పార్టీల ప్రతినిధులకు చూపించింది. తర్వాత బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా చేరింది. నేటికీ మన ఓటింగ్ మిషన్లు తయారుచేసేది ఈ రెండు సంస్థలే.

మొదటి వాడకం 1982 మేలో, కేరళలోని పరవూరు అసెంబ్లీ స్థానంలో, 50 పోలింగ్ కేంద్రాల్లో. ఓడిన అభ్యర్థి కోర్టుకెక్కాడు. 1984లో సుప్రీంకోర్టు ఆ ఎన్నికను కొట్టేసింది. మిషన్ తప్పు చేసిందని ఎవరూ తేల్చలేదు. చట్టంలో ఉన్నది బ్యాలెట్ పేపరు, మిషన్ అనే మాటే లేదు. అదీ కారణం. చట్టం సవరించి, నిపుణుల కమిటీ చూసి, కొన్ని స్థానాల్లో ప్రయత్నించి, 2004 నాటికి దేశంలోని 543 లోక్‌సభ స్థానాల్లోనూ మిషన్లు పెట్టగలిగారు.

ఈ పెట్టె లోపల జ్ఞాపకాలు రెండు రకాలు. ఈ తేడా తెలియకపోతే మొత్తం వాదన గజిబిజి అయిపోతుంది. ఒకటి ప్రోగ్రాం ఉండే చోటు. ఏ బటన్ నొక్కితే ఏం చేయాలి, ఒక ఓటు పడ్డాక ప్రిసైడింగ్ అధికారి మళ్లీ బ్యాలెట్ బటన్ నొక్కేదాకా ఎలా ఆగాలి, ఫలితం అడిగితే ఎలా చూపించాలి, ఇవన్నీ దానిలో ఉంటాయి. ఇది మైక్రోకంట్రోలర్ అనే చిప్పులోనే ఇమిడి ఉంటుంది. మెదడు, ప్రోగ్రాం ఒకే ముక్క. దీన్ని మార్చకూడదు. రెండోది ఓట్లు ఉండే చోటు. దీన్ని ప్రతి ఎన్నికకూ ఖాళీ చేసి మళ్లీ నింపాలి. కాబట్టి అది చెరిపి రాయగలిగే రకమే అయి ఉండాలి, వేరే దారి లేదు. మిషన్‌లో ఏదీ మారదు అని ఎవరైనా ఊపులో అంటే ఈ రెండో సంగతి వాళ్లు మర్చిపోయినట్టే.

మారని ప్రోగ్రాంకు హద్దులు కూడా మారవు. 2006 తర్వాతి తరం మిషన్, ఎం2 అంటారు, గరిష్ఠంగా నాలుగు బ్యాలెట్ యూనిట్లు, అంటే ఓటరు నొక్కే బటన్ల పెట్టెలు, తగిలించుకోగలదు. ఒక్కోదానిలో 16 బటన్లు. మొత్తం 64. అంతకు మించి అభ్యర్థులు ఉంటే మిషన్ చేతులెత్తేస్తుంది, కాగితం దిక్కు. తెలంగాణ ఉద్యమ కాలంలో, 2010 ఉప ఎన్నికల్లో, కొన్ని నియోజకవర్గాల్లో ఇదే జరిగింది. అభ్యర్థుల సంఖ్య 64 దాటింది, బ్యాలెట్ పేపరు వచ్చింది. అంతకుముందు 1996లో నల్లగొండ లోక్‌సభకు 480 మంది నిలబడ్డారు. అప్పుడు మిషన్ లేదు గనక బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర కోసం పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేశారు. మొత్తం అభ్యర్థులు 185 మంది, నోటాతో 186. ఆ స్థానం కోసం ప్రత్యేకంగా తర్వాతి తరం ఎం3 మిషన్లు తెచ్చి, ఒక్కో కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చారు. ఎం3 అయితే 24 యూనిట్ల దాకా, అంటే నోటాతో కలిపి 384 పేర్ల దాకా తట్టుకుంటుంది. మన ఫోన్ అయితే ఒక అప్‌డేట్ పంపి 64ను 384 చేసేవాళ్లం. ఇక్కడ మిషన్లే మారాల్సి వచ్చింది.

ఈ మొండితనం వల్ల వచ్చే లాభం ఒకటి గట్టిది. ప్రోగ్రాం రాసేనాటికి తిరువూరులో ఎవరు నిలబడతారో ఎవరికీ తెలియదు. నామినేషన్ల ఉపసంహరణ అయ్యాకే జాబితా తేలుతుంది. గుర్తింపు పొందిన పార్టీలవాళ్లు ముందు, ఇతర పార్టీలవాళ్లు తర్వాత, స్వతంత్రులు చివర. ఒక్కో గుంపులో అక్షర క్రమం. కాబట్టి ఒకే పార్టీ తిరువూరులో ఒక నంబరు మీద ఉంటే పక్క నియోజకవర్గంలో ఇంకో నంబరు మీద ఉంటుంది. ఏళ్ల కిందట కాల్చి రాసిన ప్రోగ్రాంకు ఏ బటన్ ఎవరిదో తెలిసే అవకాశం లేదు. తెలియనివాడికి ఓటు మళ్లించడం దాని వల్ల కాదు. ఎన్నికల సంఘం వాదనల్లో నాకు అన్నిటికన్నా బరువైనదిగా కనిపించేది ఇదే, ఓటీపీ కన్నా కూడా.

రాసింది సరే, చూపించేదెలా?

2010లో హైదరాబాద్ ఇంజనీరు వేమూరు హరిప్రసాద్, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ హాంగ్‌రైప్ కలిసి ఒక అసలు ఓటింగ్ మిషన్‌ను విప్పి చూశారు. పేరు చెప్పని వ్యక్తి నుంచి అది వాళ్లకు అందింది. మిషన్‌లో ఉన్నది జపాన్ కంపెనీ రెనెసాస్ తయారీ మైక్రోకంట్రోలర్. ప్రోగ్రాం చిప్పు కంపెనీలోనే పడే రకం.

వాళ్లు ఆ రాతను మార్చారా? మార్చలేదు. దాని జోలికే పోలేదు. ఫలితం చూపించే డిస్‌ప్లే బోర్డు తీసేసి, అచ్చం అలాంటిదే ఇంకోటి బిగించారు. దానిలో దాచిన చిన్న చిప్పుకు ఫోన్ నుంచి బ్లూటూత్ ద్వారా ఏ నంబరు అభ్యర్థి గెలవాలో చెబితే, అది ఫలితాన్ని అలా మార్చి చూపించింది. రెండో ప్రయోగంలో ఓట్లు దాచే మెమరీ చిప్పులకు ఒక చిన్న పరికరాన్ని క్లిప్పులా తగిలించి లోపలి ఓట్లను మార్చారు. ప్రోగ్రాం రాత చెక్కుచెదరలేదు. అది తన పని తాను సరిగ్గానే చేస్తూ పోయింది. ఆ చుట్టుపక్కల జరిగేది దానికి తెలియదు.

ఎన్నికల సంఘం స్పందన కూడా తీసిపారేసేది కాదు. అలా విప్పి బోర్డు మార్చాలంటే మిషన్ చేతికి చిక్కాలి గదా, కాపలా, సీళ్లు, పార్టీల ఏజెంట్ల సంతకాలు, ఏ మిషన్ ఏ కేంద్రానికి వెళ్తుందో కంప్యూటర్ లాటరీ, ఇన్ని దాటి ఎవరు చేస్తారు, ఎన్ని మిషన్లకు చేస్తారు అని అడిగింది. 2010 ఆగస్టు 21న మిషన్ దొంగతనం ఆరోపణ మీద పోలీసులు హరిప్రసాద్‌ను హైదరాబాద్‌లో అరెస్టు చేసి ముంబయి తీసుకెళ్లారు. అదే ఏడాది అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు పయనీర్ అవార్డు ఇచ్చింది. ఆ తర్వాతి కాలంలో ఆయన తెలుగుదేశం పార్టీకి సాంకేతిక సలహాదారుగా కూడా ఉన్నారు. రాజకీయం పక్కనపెట్టి చూస్తే, ఆ ప్రయోగం ఒక్కసారి రాత చిప్పు గురించి చెప్పింది చిన్న సంగతే. చెరపలేని రాత అన్నది ఆ చిప్పుకు మాత్రమే ఉన్న గుణం, పెట్టె మొత్తానికి ఉన్నది కాదు.

ఇంకో ప్రశ్న దీనికన్నా లోతైనది. చిప్పులో రాసింది మారదు, ఒప్పుకున్నాం. అసలు రాసిందేమిటి? ఎన్నికల సంఘం చెప్పుకునే గొప్పల్లో ఒకటి, ఈ చిప్పులోని ప్రోగ్రాంను బయటికి చదవలేరు అన్నది. నకిలీ మిషన్లు తయారుచేయకుండా, లోపాలు వెతకకుండా అది కాపాడుతుంది. నిజమే. అదే తాళం అనుమానం తీర్చుకోవాలనుకున్నవాడికి కూడా అడ్డం పడుతుంది. చదవలేని రాత సరైనదో కాదో బయటివాడు ఎలా చెప్పగలడు? ప్రోగ్రాం చిప్పు కంపెనీలోనే పడే రోజుల్లో ఈ ప్రశ్న సముద్రాల అవతలికి కూడా వెళ్లేది. ఎందుకంటే ఇక్కడ రాసిన ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చి విదేశీ కంపెనీకి పంపాలి, వాళ్లు చిప్పులో వేసి పంపాలి. ఎం3 తరం నుంచి ఆ పని ఈసీఐఎల్, భారత్ ఎలక్ట్రానిక్స్ ఆవరణల్లోనే చేస్తున్నామని ఎన్నికల సంఘం చెబుతోంది. దూరం తగ్గింది గానీ, చూడలేకపోవడం అలాగే ఉంది.

మారకపోవడం, సరిచూడగలగడం వేర్వేరు గుణాలు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది రాదు. ఒక్కసారి రాత చిప్పు మొదటిదాన్ని బాగా ఇస్తుంది, రెండోదాన్ని ఇవ్వకపోగా కొంత దూరం చేస్తుంది.

ఆ రెండో గుణాన్ని చివరికి తెచ్చింది కాగితమే. వీవీప్యాట్ అనే చిన్న ప్రింటరు. ఓటు నొక్కగానే గాజు వెనక చీటీ మీద అభ్యర్థి పేరు, గుర్తు, వరస సంఖ్య ఏడు సెకన్లు కనబడి, చీటీ తెగి పెట్టెలో పడుతుంది. 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో మొదటిసారి వాడారు. సుప్రీంకోర్టు అదే ఏడాది అక్టోబరు 8న దేశమంతా దశలవారీగా పెట్టమంది. అప్పట్లో లెక్కింపు రోజున ఒక్కో అసెంబ్లీ స్థానంలో ఒక్క కేంద్రం చీటీలే లెక్కించేవాళ్లు. చంద్రబాబు నాయుడు సహా 21 పార్టీల నాయకులు సగం లెక్కించాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2019 ఏప్రిల్ 8న, అంటే ఆంధ్రప్రదేశ్ పోలింగ్‌కు మూడు రోజుల ముందు, కోర్టు ఆ ఒక్కటిని అయిదు చేసింది. తిరువూరుకు కూడా ఇదే లెక్క, లాటరీ తీసిన అయిదు కేంద్రాలు.

వీవీప్యాట్ వచ్చాక కొత్త చిక్కు కూడా వచ్చింది. చీటీ మీద గుర్తు అచ్చు వేయాలంటే ఏ నంబరు ఎవరిదో ఆ ప్రింటరుకు చెప్పాలి. పోలింగ్‌కు కొద్దిరోజుల ముందు ప్రత్యేక పరికరంతో గుర్తులు ఎక్కిస్తారు. అవి ఉండే చోటు చెరిపి రాయగలిగే మెమరీయే. నాకు అన్నిటికన్నా బరువుగా తోచిన వాదన, మిషన్‌కు ఎవరు ఎవరో తెలియదన్నది, ఇక్కడ కాస్త తేలికవుతుంది.

2024 ఏప్రిల్‌లో ఈ విషయాలన్నీ మళ్లీ సుప్రీంకోర్టు ముందుకు వచ్చాయి. మైక్రోకంట్రోలర్ ఎక్కడ ఉంది, పోలింగ్ అధికారి దగ్గరుండే కంట్రోల్ యూనిట్‌లోనా, వీవీప్యాట్‌లోనా, అది నిజంగా ఒక్కసారి రాసేదేనా అని న్యాయమూర్తులు ఎన్నికల సంఘాన్ని అడిగారు. కంట్రోల్ యూనిట్, బ్యాలెట్ యూనిట్, వీవీప్యాట్ మూడింటికీ వేర్వేరు మైక్రోకంట్రోలర్లు ఉన్నాయని, అన్నీ ఒక్కసారి రాసేవేనని సంఘం బదులిచ్చింది. ఆ చిప్పులో ఫ్లాష్ మెమరీ ఉంది, తిరిగి రాయవచ్చు అని పిటిషనర్ల తరఫున ప్రశాంత్ భూషణ్ వాదించారు. ఏప్రిల్ 26న జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ దీపాంకర్ దత్తా తీర్పు ఇచ్చారు. మళ్లీ కాగితపు ఓటుకు వెళ్లక్కర్లేదు, చీటీలన్నీ లెక్కించక్కర్లేదు అన్నారు. అయితే గుర్తులు ఎక్కించే పరికరాలను ఫలితం తర్వాత 45 రోజులు సీలు వేసి ఉంచాలన్నారు. రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఏడు రోజుల్లోగా రాసి అడిగితే, ఆ స్థానంలో 5 శాతం మిషన్ల కాల్చి రాసిన మెమరీని తయారీదారుల ఇంజనీర్లు పరీక్షించాలన్నారు. న్యాయస్థానపు తీర్పులో కాల్చి రాసిన మెమరీ ప్రస్తావన రావడం నాకు ముచ్చటగా అనిపించింది.

ఈ వెసులుబాటును మొదట వాడుకున్నవాళ్లలో తెలుగువాళ్లున్నారు. విజయనగరం లోక్‌సభ, ఒంగోలు, గజపతినగరం అసెంబ్లీ స్థానాల్లో ఓడిన వైఎస్సార్‌సీపీ అభ్యర్థులు, తెలంగాణలో జహీరాబాద్ బీజేపీ అభ్యర్థి దరఖాస్తు చేశారు. 2024లో ఒక్కో మిషన్ సెట్టుకు జీఎస్టీతో కలిపి 47,200 రూపాయలు కట్టాల్సి వచ్చింది. 2019లో తెలుగుదేశం అడిగిన ప్రశ్న 2024లో వైఎస్సార్‌సీపీ నోట వచ్చింది. ఈ అనుమానానికి పార్టీ లేదు, ఓటమి మాత్రమే ఉంది.

పరీక్ష అంటే ఏం చేయాలన్న దగ్గర మళ్లీ తగవు వచ్చింది. మాక్ పోల్, అంటే పరీక్ష ఓట్లు, వేసి లెక్క సరిపోయిందని చూపించడం అప్పట్లో ఎన్నికల సంఘం పద్ధతి. అది మిషన్ ఇప్పుడు సరిగా పనిచేస్తోందని మాత్రమే చెబుతుంది, లోపల రాసి ఉన్నది ఏమిటో చెప్పదు అన్నది అవతలి వాదన. 2025 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు, పరీక్ష పేరుతో మిషన్లలోని సమాచారాన్ని చెరపవద్దు, కొత్తగా ఎక్కించవద్దు అంది.

ఈ చిప్పు గురించి నా తీర్పు చెబుతాను. దొడ్డిదారిన వచ్చి ప్రోగ్రాం మార్చిపోతారన్న భయానికి ఇది మంచి మందు. ఆ భయం పెట్టుకున్నవాళ్లు నిశ్చింతగా ఉండవచ్చు. అసలు రాతే సరిగా ఉందా, చుట్టుపక్కల బోర్డులు అసలువేనా అన్న ప్రశ్నలకు ఇది మందు కాదు. ఆ ప్రోగ్రాంను అందరూ చదివేలా బయటపెట్టి, చిప్పులో ఉన్నది అదేనని స్వతంత్ర నిపుణులు సరిచూసే ఏర్పాటు చేస్తే ఎన్నికల సంఘానికి పోయేదేమీ లేదు. మారని రాతను చూపించడానికి భయపడాల్సిన పని ఏముంది?

అంతవరకూ ఓటరు చేతిలో ఉన్నది ఏడు సెకన్లు. బటన్ నొక్కి, బీప్ వినగానే బయటికి నడవకండి. గాజు వెనక చీటీ మీద మీరు నొక్కిన గుర్తే వచ్చిందో లేదో చూడండి. పార్టీ ఏజెంటుగా కూర్చునేవాళ్లయితే పోలింగ్‌కు ముందు కనీసం 50 ఓట్లతో జరిగే మాక్ పోల్‌కు తప్పకుండా వెళ్లండి, సాయంత్రం ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసిన 17సి ఫారం నకలు తీసుకోకుండా ఇంటికి రాకండి. చీటీ మీద వేరే గుర్తు వస్తే అక్కడికక్కడే ప్రిసైడింగ్ అధికారికి చెప్పవచ్చు. రాతపూర్వక ప్రకటన తీసుకుని, ఏజెంట్ల ఎదుట మీతో పరీక్ష ఓటు వేయిస్తారు. మీ మాట నిజమని తేలితే ఆ మిషన్ మీద పోలింగ్ ఆగిపోతుంది. అబద్ధమని తేలితే శిక్ష ఉంది, కాబట్టి కళ్లారా చూసిందే చెప్పండి.